రెండు సగాల వంతెన

"దిగండి సార్, ఒడ్డొచ్చేసింది," అంది పడవమ్మాయి.

ఒడ్డు రాలేదు. ఒడ్డుకీ పడవకీ మధ్య మోకాలి లోతు బురద ఉంది. ఆ సంగతి మన వాలంటీరుకి దిగాకే తెలిసింది. కొత్త బూట్లు, కొత్త ప్యాంటు, చేతిలో కొలతల టేపు, వీపున తనకంటే బరువైన బ్యాగు. ఉన్నపళంగా దిగబడిపోయాడు.

"దీన్ని ఒడ్డంటారా?"

"మేమైతే అలాగే అంటాం. మీ సిటీలో ఒడ్లు ఎలా ఉంటాయో మాకేం తెలుసు?"

అతను ఒక కాలు పైకి లాగాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. ఈలోగా వెనకనుంచి ఒక మేక పడవ అంచు మీదికెక్కి, అతని బ్యాగు మీద గిట్ట మోపి, అవతల గట్టి నేల మీదికి దూకి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"ఈ మేక ఎవరిది?"

"ఎవరిదీ కాదు. పొద్దున ఇటొచ్చి మేస్తుంది, సాయంత్రం అటెళ్ళి పడుకుంటుంది. రోజూ నా పడవే. దానికి ఎక్కడ దిగాలో తెలుసు."

ఆ చివరి మాట అతనికి సూటిగా తగిలింది. పౌరుషం పొడుచుకొచ్చింది. బురదలో నిలబడ్డ మనిషికి ఎంత పౌరుషం వస్తుందో అంతే వచ్చిందనుకోండి.

"చూడండి, నేనేదో ఆషామాషీగా రాలేదు. ఈ ఏటి మీద వంతెన కట్టడానికొచ్చాను."

ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి, అంటే బురద పైన కనబడినంత మేరకు, తీరిగ్గా చూసింది.

"వంతెన సంగతి తర్వాత. ముందు ఆ రెండో కాలు తీయండి సార్. అక్కడ జలగలుంటాయి."

అతను రెండో కాలు ఎంత వేగంగా తీశాడో చెప్తే మీరు నమ్మరు. ఆమె నవ్వు ఏరు దాటి అవతలి ఒడ్డుదాకా వినిపించింది. అక్కడ జలగల్లేవు. ఎప్పుడూ లేవు.

ఆ ఊరికి వాలంటీర్లు కొత్త కాదు. సిటీలో ఒక ఆఫీసుంది. అది ఏటా వానలకి ముందు ఒకర్ని పంపిస్తుంది. ఒకాయన వచ్చి ఇంటింటికీ సైకిల్ హెల్మెట్లు పంచాడు. ఊళ్ళో సైకిళ్ళు లేవు. ఇప్పుడు వాటిలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి, ఇంకెక్కడైనా పెట్టమంటే ఒప్పుకోవడం లేదు. ఆ తర్వాత ఒకావిడ వచ్చి ఊరందరికీ ఊపిరి పీల్చడం నేర్పింది. అంతకుముందు కూడా పీలుస్తూనే ఉన్నారు గానీ, ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకని మళ్ళీ నేర్చుకున్నారు.

కాబట్టి మనవాణ్ణి కూడా ఊరు బోలెడంత ప్రేమతో, ఏ మాత్రం ఆశ లేకుండా ఆహ్వానించింది. క్లినిక్ వెనక గదిలో దింపారు. క్లినిక్ అంటే నర్సు పిన్ని. డాక్టరూ ఆవిడే, కాంపౌండరూ ఆవిడే, రాత్రిపూట వాచ్‌మనూ ఆవిడే. పిన్నీ అని పిలవకపోతే జలుబుకి కూడా ఇంజెక్షన్ పొడిచేది.

రోజులు మొదలయ్యాయి. తెల్లారకముందే కోడి కిటికీ ఎక్కి అతని మొహంలోకి కూసేది. ఫోన్ సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కి ఒక చెయ్యి ఆకాశంలోకి ఎత్తి నిలబడాలి. అలా నిలబడితే కింద ఊళ్ళోవాళ్ళు, పాపం ఎవరినో పిలుస్తున్నాడని, తిరిగి చెయ్యి ఊపేవాళ్ళు. దారిలో ఎవరు కనబడినా ఏదో ఒక పని అప్పజెప్పేవాళ్ళు. వాలంటీరంటే పని లేక వచ్చినవాడని వాళ్ళ లెక్క.

"బాబూ, మా గేదె రెండ్రోజుల్నించి దిగులుగా ఉంది. ఒకసారి మాట్లాడిపో."

"నేనేం మాట్లాడాలండీ?"

"ఏదో ఒకటి. మేం మాట్లాడితే దానికి అలవాటైపోయింది."

అతను గేదె ముందు కూర్చుని సిమెంటు గురించి కాసేపు మాట్లాడాడు. సివిల్ డిప్లొమా చదివినవాడు, తెలిసింది అదే. గేదె లేచి మేత మేసింది. దాంతో అతని పరువు కొంచెం పెరిగింది.

నర్సు పిన్ని మాత్రం మొదటిరోజే అసలు సంగతి చెప్పింది.

"మిగతావాళ్ళు తెచ్చినవి మాకు అక్కర్లేనివి నాన్నా. నువ్వు తెచ్చింది కావాలి. ఏరు పొంగితే పడవ కదలదు. నేనిక్కడ, అవతలి ఒడ్డు పేషెంట్లు అక్కడ. పోయినేడు సరంగుకి జ్వరమొస్తే ఈ గట్టు మీద నిలబడి గొంతు చించుకుని మందు చెప్పాను. ఆయన వేసుకోలేదు, జ్వరం లేని పక్కింటావిడ వేసుకుంది."

సరంగంటే పడవమ్మాయి నాన్న. నడుం పట్టేశాక తెడ్డు కూతురి చేతికిచ్చి, తను రేవు అరుగు మీద చేరగిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలిస్తూ ఉంటాడు. బస్సు రోడ్డూ, నాలుగిళ్ళూ, ఆయనా అవతలి ఒడ్డున. మిగతా ఊరంతా ఇవతల.

క్లినిక్ వరండాలో అందరూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు పడవమ్మాయి కూడా వచ్చింది. వంతెన వస్తే ముందు మునిగేది ఆమె బతుకుతెరువే కదా, ఏమంటుందోనని అందరూ నేల చూపులు చూశారు.

"వంతెన కావాలి," అందామె. "వరదొస్తే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? కానీ మా ఒడ్డు వైపు సగం నేనే కడతా. నా పడవకి ఎసరు పెట్టేదేదో నా చేతుల్తోనే పెట్టుకుంటా. టేపు సారుని ఇటునుంచి కట్టుకు రమ్మనండి, నేను అటునుంచి వస్తా."

మన వాలంటీరు అప్పుడే పడిపోయాడు. బురదలో పడ్డదానికంటే లోతుగా పడిపోయాడు. తన పొట్ట కొట్టే పనిని తనే నెత్తినేసుకుంటానన్న మనిషిని అతను అంతవరకూ చూడలేదు. ఏదో అనాలనుకున్నాడు. నోట్లోంచి డిప్లొమా బయటికొచ్చింది.

"రెండు వైపుల నుంచీ కట్టేటప్పుడు ఒక్కటే సూత్రమండీ. ఎదురొడ్డున కదలని గుర్తొకటి పెట్టుకోవాలి. ప్రతి గుంజా పాతే ముందు దాన్నే చూడాలి. అలా చూసుకుంటూ వస్తే రెండు సగాలూ మధ్యలో బుద్ధిగా కలుస్తాయి."

ఈ మాట అతనే అన్నాడు. ఊరంతా విన్నది. పడవమ్మాయి తలూపింది కూడా.

మొదటి వారాలు బాగానే గడిచాయి. మేకులు, తాళ్ళు తేవడానికని అతను రోజూ ఏరు దాటేవాడు. ఇవతల దొరికే మేకులు కూడా అవతలికెళ్ళి తెచ్చేవాడు.

"నిన్న తెచ్చిన మేకులేమయ్యాయి సారూ?"

"అయిపోయాయి."

"ఒక్క గుంజ పాతారు. మేకులు మింగారా?"

ఇలా సాగుతుండగా ఒకరోజు అతనికి మంచితనం ముంచుకొచ్చింది. ఆమెని సంతోషపెట్టాలని ఏటి మధ్యలో ఒక మాటన్నాడు. నన్నడిగితే సంతోషపెట్టే మాటలు ఎప్పుడూ గట్టి నేల మీద నిలబడే అనాలి.

"వంతెనయ్యాక మీ పడవని క్లినిక్ ముందు పెట్టుకుందామండీ. నిండా మట్టి పోసి పూలమొక్కలు పెంచుదాం. భలే ఉంటుంది."

ఆమె తెడ్డు ఆపేసింది. పడవ నీళ్ళలో మెల్లగా ఒక చుట్టు తిరిగింది. మేక కూడా తల తిప్పి అతన్నే చూసింది.

"మీకు ఈతొచ్చా?"

"రాదు."

"అయితే ఒడ్డొచ్చేదాకా మాట్లాడకండి."

ఒడ్డొచ్చింది. ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. అతను సారీ చెప్పబోతే ఆమె పడవని కడుగుతూ కూర్చునేది. కావలసినవన్నీ ఇక మేక ఎక్కే ట్రిప్పులో సరంగే పురమాయించి పంపించేవాడు. అతనికి ఏరు దాటే సాకు పోయింది.

మాటల్లేకపోతే ఏం, చూపులున్నాయి. బేరాలు లేనప్పుడు ఆమె రేవులో పచ్చ గొడుగు పాతుకుని దాని కింద కూర్చునేది. వెదురు మోపులు దించిన రోజున అవి ఆమెకి అడ్డమొచ్చాయి. గొడుగు పీకి కొంచెం ఎగువకి పాతుకుంది. ఇంకా మోపులొచ్చాయి. ఇంకొంచెం ఎగువకి జరిగింది. ఎండ తగులుతోందని వాళ్ళ నాన్నతో చెప్పింది. మబ్బు పట్టిన రోజు కూడా అదే చెప్పింది.

ఇవతల మనవాడి పరిస్థితి ఇంకా ఘోరం. క్లినిక్ వెనక దండెం మీద ఎర్ర తువ్వాలు ఆరేసే వంకతో గంటలు గంటలు అవతలి ఒడ్డుకేసి చూసేవాడు. ఉతికిందే మళ్ళీ ఉతికేవాడు. మధ్యలో అరటిచెట్లు గుబురుగా పెరిగి అడ్డం పడుతుంటే, దండేన్ని దిగువకి జరిపి కట్టాడు. అరటి పిలకలు అటూ లేచాయి. ఇంకొంచెం దిగువకి కట్టాడు.

"ఆ తువ్వాలు చిరిగేదాకా ఉతుకుతావా నాన్నా?" అంది నర్సు పిన్ని.

"దుమ్ము పిన్నీ."

"ఈ వానలో దుమ్మా?"

వాన నిజంగానే పట్టుకుంది. ఎదుటి మనిషి ఆనవాలు పట్టలేనంత ముసురు. రంగులు తప్ప ఏమీ తెలియని ఆ మసకలో కూడా పని ఆగలేదు. ఇటునుంచి అతని సుత్తి చప్పుడు, అటునుంచి ఆమె సుత్తి చప్పుడు. అతను ఒక దెబ్బ వేసి ఆగేవాడు. అటునుంచి ఒక దెబ్బ వినబడేది. అతను రెండేస్తే రెండు వినబడేవి. కోపం తగ్గిందని అతనికి అలా అర్థమైంది. మేకులు అనవసరంగా ఎన్నో లోపలికి దిగిపోయాయి.

ఒక ఉదయం ముసురు విడిచింది. అతను తన సగం వంతెన చివర నిలబడి ఎదురుగా చూశాడు. ఎదురుగా ఏరు మాత్రమే ఉంది. పక్కకి చూశాడు. నలుగురు భుజం భుజం కలిపి నిలబడేంత ఎడంలో, ఇంకో సగం వంతెన చివర, సుత్తి పట్టుకుని పడవమ్మాయి నిలబడి ఉంది. రెండు సగాలూ ఒకదాని పక్కనుంచి ఒకటి మర్యాదగా తప్పుకుని వచ్చాయి.

చాలా రోజులకి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"మీరెక్కడికి వెళ్తున్నారు?" అన్నాడతను.

"మీ ఒడ్డుకి. మీరు?"

"మీ ఒడ్డుకే."

"అయితే కలవాలి కదా?"

"కలవాలి."

ఇద్దరూ కింద నీళ్ళలోకి చూశారు. నవ్వొచ్చేలా ఉంది గానీ ఎవరు ముందు నవ్వాలో తేలలేదు. అంతలో ఊరంతా పరుగెత్తుకొచ్చింది. ఇన్ని రోజులూ ఎవరూ చూడలేదా అని అతను తల పట్టుకున్నాడు.

"చూశాం బాబూ," అన్నాడు గేదెగలాయన. "సిటీ మోడలేమో అనుకున్నాం."

అవతలి అరుగు మీద నుంచి సరంగు కేకేశాడు. "తప్పేం లేదబ్బాయ్! పోవడానికొకటి, రావడానికొకటి అని చెప్పేద్దాం!"

"రెండూ ఏట్లోకే పోతాయి కదా మావయ్యా!"

మావయ్యా అన్న పిలుపు అతని నోట తనంతట తనే వచ్చేసింది. పడవమ్మాయి చటుక్కున సుత్తి వైపు చూసుకుంది.

అసలు గొడవ అది కాదు. పని చూడటానికి ఆఫీసు ఇన్‌స్పెక్టర్ రాబోతున్నాడు. వంతెన చూసి ఆయన ఊరుకోడు. వాలంటీరుని వెంటబెట్టుకుని వెళ్ళిపోతాడు, కొత్తవాణ్ణి పంపేసరికి వానాకాలం అయిపోతుంది. అప్పటిదాకా నర్సు పిన్ని మళ్ళీ గట్టెక్కి అరవాల్సిందే. ఇవన్నీ అతను ఆలోచించాడు. ఇవి కాక ఇంకొకటి కూడా ఆలోచించాడు, దాంతో ఆ పూట అన్నం సహించలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆమె పడవలోనే ఏరు దాటాడు. బట్టతల, నల్ల గొడుగు, లేత రంగు ప్యాంటు. ఆయన్ని ఆమె బురదలో దించలేదు, గట్టి నేల మీదే దించింది. పరిస్థితి ఎంత గంభీరంగా ఉందో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆయన రెండు సగాలూ తడిమి చూశాడు, ఊపి చూశాడు, గెంతి చూశాడు. "బ్రహ్మాండంగా కట్టారు. ఏనుగు నడవచ్చు," అన్నాడు. "కానీ ఎక్కడికి నడుస్తుంది? నువ్వు ఏ గుర్తు పెట్టుకున్నావయ్యా?"

వాలంటీరు నీళ్ళు నమిలాడు. "అవతలి ఒడ్డునున్నది సార్."

"ఏమిటది? చెట్టా, రాయా?"

"గొడుగు సార్. పచ్చది."

ఊరు ఊపిరి బిగబట్టింది. ఆ విద్య వాళ్ళకి బాగానే వచ్చు.

"గొడుగు కదులుతుంది కదయ్యా! కదలని గుర్తు పెట్టుకోవాలని తెలీదా?"

"తెలుసు సార్. నేనే చెప్పాను. కానీ చూడాలంటే నాకు ఎప్పుడూ అదే కనబడేది."

ఇన్‌స్పెక్టర్ పడవమ్మాయి వైపు తిరిగాడు. "ఆ గొడుగు నీదేనా అమ్మా? ఎందుకు జరిపావు?"

"వెదురు మోపులు అడ్డమొచ్చాయి సార్. కనబడలేదు."

"ఏం కనబడలేదు?"

నర్సు పిన్ని పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీ, నువ్వేం గుర్తు పెట్టుకున్నావు?"

"తువ్వాలు," అంది చాలా చిన్నగా.

"గట్టిగా చెప్పమ్మా, వానలో వినబడట్లేదు."

"ఎర్ర తువ్వాలు సార్! ఆయనది! దండెం మీద ఉండేది! రోజూ ఉండేది! అది కదుల్తుందని నేను కల గన్నానా?"

ఇన్‌స్పెక్టర్ వాలంటీరు కేసి చూశాడు. "అరటిచెట్లు సార్," అన్నాడతను, అడక్కుండానే. "నాకూ కనబడలేదు."

ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో వరదకి కూలిన వంతెనలు చూశాను, పురుగు తిన్న వంతెనలు చూశాను. చూపులకి చెడిపోయిన వంతెన ఇదే చూడటం," అన్నాడు. అంతవరకూ మెత్తగానే ఉన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని ఆఫీసు మనిషైపోయాడు. "సర్దుకో అబ్బాయ్. సాయంత్రం బస్సుకి నాతో వచ్చేస్తున్నావు."

పడవమ్మాయి చకచకా గట్టు దిగి, పడవెక్కి, తాడు విప్పింది. ఏటి మధ్యకి వెళ్ళాక లేచి నిలబడి కేకేసింది.

"సాయంత్రం పడవ లేదు సార్! రేపూ లేదు!"

"ఏయ్! నేనెలా వెళ్ళాలి?"

"వంతెన మీద వెళ్ళండి!"

ఇన్‌స్పెక్టర్ ఇది కిడ్నాపింగ్ అన్నాడు. "కాదు సార్, వానాకాలం," అంది నర్సు పిన్ని. తీసుకెళ్ళి క్లినిక్‌లో పేషెంట్లకున్న ఒకే ఒక ఇనప మంచం మీద పడుకోబెట్టింది. ఆయన లేత రంగు ప్యాంటు ఉతకడానికి వేశాక, అది ఆరే వాతావరణం కాదు గనక, లుంగీలోకి మారాడు. లుంగీలోకి మారాక మనిషి కొంచెం మెత్తబడ్డాడు. మర్నాటికల్లా వాలంటీరు పక్కన నిలబడి, మధ్యలో అడ్డంగా కలిపేయడానికి దుంగలు ఎంత పొడుగుండాలో తనే కొలుస్తున్నాడు. వంతెన కలిస్తేనే ఆయన ఇంటికెళ్ళేది.

ఇక్కడే వచ్చింది చిక్కు. కలిస్తే ఇన్‌స్పెక్టర్ వెళ్తాడు, ఆయనతో అతనూ వెళ్ళాలి. కలవకపోతే వరదకి రెండొడ్లూ మళ్ళీ విడిపోతాయి. రెండు సగాల చివరా నిలబడి పడవమ్మాయీ అతనూ తాళ్ళు విసురుకుంటున్నారు, కొలతలు చెప్పుకుంటున్నారు. ఇద్దరి చేతులూ నెమ్మదిగా కదులుతున్నాయి.

"పూలమొక్కల మాట తప్పే," అన్నాడతను. "అప్పుడే చెప్పాల్సింది."

"ఆ మాటకి కాదు నాకు కోపం," అందామె, తాడు ముడేస్తూ. "వంతెనయ్యాక పడవుండదని తెలుసు. వంతెనయ్యాక మీరూ ఉండరు కదా. ఆ మాట మాత్రం మీకు గుర్తు రాలేదు. పూలమొక్కలు గుర్తొచ్చాయి."

అతని చేతిలో తాడు జారి నీళ్ళలో పడింది.

దుంగలు కోసి గట్టు మీద పేర్చిన రోజే ఎగువన కుండపోత కురిసింది. ఏరు ఒక్కసారిగా లేచి దుంగలన్నిటినీ నాకేసింది. పడవమ్మాయి పడవని అవతలి ఒడ్డున చెట్టుకి కట్టేసింది. ఇప్పుడది నిజంగానే కదలదు. సరిగ్గా అప్పుడే సరంగు అరుగు దిగి, నడుం నొప్పి మరిచిపోయి, వంతెన మీద పరుగెత్తుకొచ్చాడు.

"కోడలికి నొప్పులొస్తున్నాయి! నర్సమ్మ రావాలి!"

కోడలంటే పడవమ్మాయి వదిన. అన్న బస్సు డ్రైవరు, డ్యూటీలో ఉన్నాడు. నర్సు పిన్ని సంచీ పట్టుకుని అప్పటికే ఇవతలి సగం చివర నిలబడింది. మధ్యలో ఎర్రగా సుళ్ళు తిరుగుతున్న నీళ్ళు.

వాలంటీరు వెనక్కి పరుగెత్తాడు. క్లినిక్‌లో ఇన్‌స్పెక్టర్ కునుకు తీస్తున్నాడు.

"లేవండి సార్!"

"ఏమైంది? పడవొచ్చిందా?"

"మంచం కావాలి సార్!"

లుంగీలో ఉన్న ఇన్‌స్పెక్టర్ ఒక పక్క, వాలంటీరు ఒక పక్క పట్టుకుని ఇనప మంచాన్ని, మీదున్న దిండుతో సహా, వంతెన మీదికి మోసుకొచ్చారు. అవతలినుంచి పడవమ్మాయి తాడు విసిరి లాగింది. ఈ సగం మీద రెండు మంచం కోళ్ళు, ఆ సగం మీద రెండు కోళ్ళు. బిగించి కట్టారు. సరిగ్గా సరిపోయింది. డిప్లొమాలో ఇది చెప్పరు.

"పిన్నీ, కిందికి చూడకు!"

"నేను చూడవలసింది కిందికి కాదురా, ముందుకి!" అని నర్సు పిన్ని సంచీ చంకన పెట్టుకుని, మంచం మీద మోకాళ్ళతో పాకి అవతలికి చేరి, చీర దులుపుకుని పరుగందుకుంది. ఆవిడ వెనకే మేక దాటింది. దానికి పడవ తప్పిపోయి అప్పటికే చాలా ఆలస్యమైంది.

అందరూ రెండు పక్కలా నిలబడి సరంగు ఇంటి వైపే చూస్తున్నారు. వాన తగ్గింది. రెండో కాన్పు కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. సన్నగా ఒక ఏడుపు వినబడింది. సరంగు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పడవమ్మాయి ఏడ్చేసింది, ఇవతల వాలంటీరు కూడా ఏడ్చేశాడు, ఎందుకో తనకే తెలియదు.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా లోపలికెళ్ళి ఆరని ప్యాంటే తొడుక్కుని, బ్యాగు పట్టుకుని వచ్చాడు. మంచం దాటి అవతలి సగం మీద నిలబడ్డాడు.

"రావయ్యా, బస్సుకి టైమైంది. మంచి పని చేశావు, కాదనను. కానీ మధ్యలో మంచమున్న వంతెనకి ఆఫీసు ఒప్పుకోదు. నిన్ను వాలంటీరుగా ఇక్కడ ఉంచడం నావల్ల కాదు."

వాలంటీరు కదల్లేదు. అప్పుడే నర్సు పిన్ని గుమ్మంలోకొచ్చి కేకేసింది.

"పాప పుట్టింది! ఇల్లంతా కారి నేల తడిసిపోయింది, తల్లిని పడుకోబెట్టడానికి చోటు లేదు! ఆ మంచం విప్పి తెండి! త్వరగా!"

పడవమ్మాయి వంగి తాడు మీద చెయ్యి వేసింది. వేసి ఆగిపోయింది. మంచం తీస్తే ఇక ఏరు తగ్గేదాకా ఎవరు ఏ ఒడ్డునుంటే ఆ ఒడ్డునే. ఇవతలుంటే అతను ఊళ్ళో ఉంటాడు, ఆమెకి దూరంగా. అవతలికొస్తే బస్సు రోడ్డు.

"ముడి విప్పమ్మా," అన్నాడు సరంగు.

"ఉండు నాన్నా." ఆమె తలెత్తి నేరుగా అతన్ని చూసింది. ఇంతవరకూ అతన్ని మీరు అనే పిలిచింది, కోపంలో కూడా. "నువ్వొచ్చినప్పుడు నిన్నెవరూ పిలవలేదు. నీ అంతట నువ్వొచ్చావు. ఇప్పుడు నేను పిలుస్తున్నా. ఇటు రా. వచ్చి ఉండిపో."

"ఉద్యోగం లేదు నాకు," అన్నాడతను.

"ఇప్పుడు మాత్రం ఉందా? వాలంటీరువి."

అతను మంచమెక్కాడు. అది ఊగింది. సగంలో ఒకసారి కిందికి చూశాడు, చూడకుండా ఉండాల్సింది. అయినా ఆగలేదు. అవతల అడుగు పెట్టగానే ఇద్దరూ వంగి ముడులు విప్పారు. వేళ్ళు తగిలాయి. ఇద్దరూ చెయ్యి తీయలేదు, ముడి విప్పడం మాత్రం కొంచెం ఆలస్యమైంది.

"మరి మేం?" అని ఇవతలి ఒడ్డునుంచి ఊరంతా అరిచింది.

"దుంగలు కోసి కలిపేస్తా! ఎక్కడికీ పోను!" అని అరిచాడు.

మంచం ముందు వైపు ఆమె, వెనక వైపు అతను. ఎత్తుకుని సరంగు ఇంటి వైపు నడిచారు. ఇన్‌స్పెక్టర్ దారికి అడ్డం నిలబడి చేతులు తిప్పాడు.

"మరి నేను ఆఫీసులో ఏం చెప్పాలయ్యా?"

జవాబు సరంగు చెప్పాడు. "మా అల్లుడు మంచం మోస్తున్నాడని చెప్పండి సార్. ఊరికే అడ్డం రాకుండా ఆ దిండు మీరు పట్టుకోండి."

ముందు నడుస్తున్న ఆమె వెనక్కి తిరగలేదు గానీ, అడుగు తడబడి మంచం ఒక పక్కకి ఒరిగింది. "మెల్లగా," అన్నాడతను వెనకనుంచి. ఇన్‌స్పెక్టర్ దిండు చంకలో పెట్టుకుని, బస్సు సంగతి మరిచిపోయి, పాపని చూడటానికి వాళ్ళ వెంట నడిచాడు.